లగూన్లు ఎందుకు పాడవుతున్నాయి, బాగుచేసేదెలా: తరచుగా అడిగే ప్రశ్నలు

తీరం వెంట ఉండే లగూన్ల గురించి పదేపదే వచ్చే సందేహాలకు ఇక్కడ జవాబులు ఉన్నాయి. కొన్నిటికి రెండు ముక్కల్లో జవాబు చెప్పొచ్చు, కొన్నిటికి కాస్త కథంతా చెప్పాలి. ముందుగా ఒక మాట. లగూన్‌లో మనకు కనిపించే సమస్య చాలాసార్లు అక్కడ పుట్టింది కాదు. పైనున్న పొలాల్లోనో, పట్టణాల కాలువల్లోనో, నది గేట్ల దగ్గరో, సముద్రం కలిసే చోటో పుట్టి అక్కడికి చేరుతుంది. అందుకే ఈ జవాబుల్లో లగూన్ గురించి ఎంత ఉంటుందో, దాని చుట్టుపక్కల గురించీ అంతే ఉంటుంది.

లగూన్ అంటే సరిగ్గా ఏమిటి?

సముద్రం పక్కనే, ఇసుక దిబ్బ అడ్డుగా, తీరానికి సమాంతరంగా పరుచుకున్న లోతు తక్కువ నీటి ప్రాంతం. ఆ దిబ్బలో ఒకటో రెండో గండ్లు ఉంటాయి, వాటినే ముఖద్వారాలు అంటాం. పోటుకు సముద్రం లోపలికి వస్తుంది, ఆటుకు బయటికి పోతుంది. ఇంకోపక్క నుంచి నదులు, వాగులు మంచినీళ్లు తెస్తాయి. ఈ రెండు నీళ్లూ కలిసే తీరును బట్టి ఉప్పు శాతం చోటుచోటుకీ, నెలనెలకీ మారుతుంది. లోతు సాధారణంగా కొద్ది మీటర్లే. పులికాట్‌లో చాలాచోట్ల మనిషి నిలబడితే తల పైనే ఉంటుంది.

ప్రపంచ తీరరేఖలో సుమారు 13 శాతం మేర ఇలాంటి లగూన్లే ఉన్నాయని అంచనా. మన దగ్గర చిలికా, పులికాట్. ఇటలీలో వెనిస్, స్పెయిన్‌లో మార్ మెనోర్, అమెరికాలో ఇండియన్ రివర్ లగూన్, ఆస్ట్రేలియాలో కూరాంగ్. వీటిలో ఒక్కోటి ఒక్కోరకంగా దెబ్బతింది. అందుకే కింది జవాబుల్లో వీటి పేర్లు మళ్లీ మళ్లీ వస్తాయి.

సముద్రం కంటే లగూన్ ఎందుకు త్వరగా పాడవుతుంది?

నీళ్లు మారడానికి టైమ్ పడుతుంది కాబట్టి. తెరిచి ఉన్న తీరంలో మురుగు కలిస్తే అలలు, ప్రవాహాలు దాన్ని చెదరగొట్టేస్తాయి. లగూన్‌లో ముఖద్వారం ఎంత ఇరుకైతే, లోపలికొచ్చిన నీరు అంతకాలం అక్కడే ఉండిపోతుంది. కొన్ని లగూన్లలో నీళ్లు రోజుల్లో మారిపోతే, మార్ మెనోర్ లాంటి వాటిలో దాదాపు ఏడాది పడుతుంది. అన్నాళ్లూ దానిలో పడిన ఎరువు, మురుగు, మట్టి అక్కడే పేరుకుంటాయి.

రెండోది, లోతు తక్కువ. ఎండకు నీళ్లు త్వరగా వేడెక్కుతాయి, గాలి గట్టిగా వీస్తే అడుగు బురద మొత్తం పైకి లేస్తుంది. మూడోది, లగూన్ ఎప్పుడూ పల్లంలోనే ఉంటుంది. ఎగువన ఎవరేం చేసినా చివరికి చేరేది అక్కడికే.

ఎరువులూ మురుగూ కలిస్తే నీళ్లలో అసలేం జరుగుతుంది?

ఇది కాస్త వివరంగా తెలుసుకోవాల్సిన విషయం. ప్రపంచంలో పాడైన లగూన్లలో ఎక్కువ వాటి కథ ఇదే.

ఆరోగ్యంగా ఉన్న లగూన్ అడుగున సముద్రగడ్డి పెరుగుతుంది. ఇది నాచు కాదు, వేర్లు, పూలు, గింజలు ఉండే నిజమైన మొక్క. దీని వేర్లు బురదను పట్టి ఉంచుతాయి, ఆకుల మధ్య రొయ్య పిల్లలు, చేప పిల్లలు దాక్కుంటాయి. దీనికి కావలసింది ముఖ్యంగా వెలుగు.

పొలాల నుంచి నత్రజని, మురుగు నుంచి భాస్వరం వచ్చి చేరినప్పుడు మొదట లాభపడేది నీళ్లలో తేలే సూక్ష్మ నాచు. అది వేగంగా పెరిగి నీళ్లను పచ్చగానో, గోధుమ రంగులోకో మార్చేస్తుంది. వెలుగు అడుగుకు చేరదు. సముద్రగడ్డి చచ్చిపోతుంది. ఇప్పుడు అడుగున కుళ్లడానికి గడ్డీ ఉంది, పైనుంచి రాలే నాచూ ఉంది. కుళ్లబెట్టే బ్యాక్టీరియా నీళ్లలోని ఆక్సిజన్‌ను వాడేస్తుంది. పగలు నాచు ఆక్సిజన్ ఇస్తుంది గానీ, రాత్రి అదే నాచు తిరిగి పీల్చుకుంటుంది. అందుకే ఆక్సిజన్ తెల్లవారుజామున అడుగంటుతుంది. లీటరుకు 2 మిల్లీగ్రాముల కంటే తగ్గితే పారిపోగలిగిన చేపలు పారిపోతాయి, కదల్లేని గవ్వలు, పురుగులు చచ్చిపోతాయి. ఇంకా తగ్గితే బురదలోంచి కుళ్లిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ బయటికొస్తుంది. అది చాలా జీవులకు విషం.

అన్నిటికంటే కష్టమైన సంగతి ఇంకోటుంది. ఆక్సిజన్ లేని బురద, తనలో ఎన్నో ఏళ్లుగా దాచుకున్న భాస్వరాన్ని మళ్లీ నీళ్లలోకి వదులుతుంది. అంటే బయటి నుంచి వచ్చే మురుగును ఈరోజు ఆపేసినా, లోపలి నిల్వ మరికొన్నేళ్లు నాచును మేపుతూనే ఉంటుంది. "మురుగు శుద్ధి ప్లాంట్ కట్టి రెండేళ్లయింది, ఇంకా నీళ్లు పచ్చగానే ఉన్నాయేంటి?" అని జనం అడగడానికి కారణం ఇదే. ఆ రెండేళ్లకే పని వృథా అయిందని నిర్ణయించేసి వదిలేయడం పెద్ద నష్టం.

మా లగూన్‌లో నీళ్లు తేటగానే ఉన్నాయి. అంటే ఇబ్బంది లేనట్టేనా?

అలా అనుకోవద్దు. మార్ మెనోర్ విషయంలో అందరూ అలాగే అనుకున్నారు.

స్పెయిన్‌లోని ముర్సియా ప్రాంతంలో, సుమారు 135 చదరపు కిలోమీటర్ల లగూన్ అది. 1979లో తాహో నది నీటిని సెగురా నది వైపు మళ్లించే కాలువ మొదలయ్యాక పక్కనున్న కార్తహేనా మైదానంలో వర్షాధార పొలాలు పోయి ఏడాది పొడవునా కూరగాయలు పండించే సాగు వచ్చింది. నైట్రేట్ భూగర్భ జలాల్లో, వాగుల్లో చేరి లగూన్‌లోకి దిగింది. అయినా ఏళ్ల తరబడి నీళ్లు తేటగానే కనిపించాయి. 1990ల నుంచి జెల్లీఫిష్ విపరీతంగా పెరిగి, నాచునూ దాన్ని తినే సూక్ష్మజీవులనూ తింటూ వచ్చాయి. ఈతకు వచ్చేవాళ్లకు ఇబ్బందని వాటిని వలలతో ఏరేశారు కూడా. ఆ తర్వాత 2015-16లో నీళ్లు ఒక్కసారిగా పచ్చబడ్డాయి. అడుగున ఉన్న మొక్కల్లో 85 శాతం దాకా పోయాయి. 2019 సెప్టెంబరులో భారీ వరద వచ్చిన కొన్నాళ్లకు అక్టోబరులో, మళ్లీ 2021 ఆగస్టులో, చేపలు టన్నుల కొద్దీ ఒడ్డుకు కొట్టుకొచ్చి చచ్చాయి.

లగూన్ చాలాకాలం ఓర్చుకుని, ఒక హద్దు దాటాక ఉన్నట్టుండి మారిపోతుందనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు. ఆ హద్దు ముందే తెలియాలంటే నీళ్ల కంటే బురదను చూడటం మేలు. లోతు తక్కువున్న చోట పార లోపలికి దించి ఒక గడ్డను ఎత్తండి. పైన వేలు మందం గోధుమ రంగు పొర ఉండి, పురుగులు చేసిన సన్నని కన్నాలు కనిపిస్తుంటే అక్కడి దాకా ఆక్సిజన్ దిగుతోందన్నమాట. పై నుంచే నల్లగా, జిగటగా, కుళ్లు వాసనతో ఉండి, ఒక్క పురుగూ లేకపోతే పైనున్న నీళ్లు ఎంత తేటగా ఉన్నా జాగ్రత్త పడాల్సిందే.

ముఖద్వారం పూడిపోయింది. తవ్వేస్తే అన్నీ సర్దుకుంటాయి కదా?

చాలామంది మొదట అడిగేది ఇదే. నాయకులు ముందుగా హామీ ఇచ్చేదీ ఇదే. కొన్నిచోట్ల తవ్వకం నిజంగా లగూన్‌ను బతికించింది. కొన్నిచోట్ల దాన్ని ఇంకో రకంగా మార్చేసింది.

బాగుపడిన కథ చిలికాది. 1981లో రామ్సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా గుర్తింపు పొందిన ఈ సరస్సు, పూడికతో, ఉప్పు తగ్గిపోయి, మంచినీటి కలుపు మొక్కలు కమ్మేయడంతో 1993లో ప్రమాదంలో ఉన్నవాటి జాబితాకు ఎక్కింది. ఆ జాబితాను మాంట్రో రికార్డ్ అంటారు. 2000 సెప్టెంబరులో కొత్త ముఖద్వారం తవ్వారు. నీళ్లు సముద్రానికి చేరే దారి దాంతో 18 కిలోమీటర్లు తగ్గింది. ఉప్పు శాతం పుంజుకుంది, కలుపు తగ్గింది, చేపల పట్టుబడి కొన్ని రెట్లు పెరిగింది. 2002లో ఆ జాబితా నుంచి చిలికా బయటపడింది. అదే ఏడాది రామ్సార్ అవార్డు కూడా వచ్చింది.

ఇంతవరకే చెప్పి ఆపేస్తే తప్పు అర్థమవుతుంది. అక్కడ తవ్వడానికి ముందు నీటి ప్రవాహాల మీద నమూనాలతో అధ్యయనం చేశారు. పరీవాహక ప్రాంతంలోని గ్రామాలతో కలిసి మట్టి కోత ఆపే పనులు చేశారు. ఎక్కడ తవ్వాలో, ఎంత తవ్వాలో లెక్క కట్టారు.

ఇప్పుడు రెండో రకం. ఆస్ట్రేలియాలోని గిప్స్‌లాండ్ లేక్స్‌కు పడవల కోసమని 1889లో శాశ్వత ముఖద్వారం ఏర్పాటు చేశారు. అంతకుముందు అది కొన్నాళ్లు మూసుకుని కొన్నాళ్లు తెరుచుకునే సరస్సు. సముద్రపు నీరు ఎప్పుడూ లోపలికి రావడంతో ఒడ్డున ఉన్న రెల్లు చచ్చిపోయింది, రెల్లు పోయాక ఒడ్లు కోతకు గురయ్యాయి. మార్ మెనోర్‌లో కూడా 1970ల మొదట్లో సముద్రంతో కలిపే ఎస్తాసియో కాలువను పడవల కోసం వెడల్పు చేశారు. అప్పటిదాకా సముద్రం కంటే బాగా ఉప్పగా ఉన్న లగూన్‌లో ఉప్పు తగ్గి, సముద్రపు జాతులు లోపలికొచ్చాయి. ఆ జెల్లీఫిష్ అలా వచ్చినవే. వెనిస్‌లో 1960లలో నూనె ట్యాంకర్ల కోసం తవ్విన లోతైన కాలువ లగూన్ అడుగు మట్టిని ఏళ్ల తరబడి సముద్రంలోకి లాక్కుపోతోంది.

కాబట్టి తవ్వే ముందు ఈ ముఖద్వారం ఎందుకు పూడింది అన్నది తేలాలి. తీరం వెంట కదిలే ఇసుక వల్లయితే తవ్వినది మళ్లీ పూడుతుంది, ఖర్చు ప్రతి ఏడాదీ వస్తుంది. నది నుంచి నీటి తోపు తగ్గడం వల్లయితే, ఆ నీరు తిరిగి రానంతకాలం తవ్వకం తాత్కాలికమే. దగ్గర్లో కట్టిన పోర్టు గోడ వల్లయితే ఇసుకను ఆ గోడ దాటించే ఏర్పాటు కావాలి. తవ్విన మట్టిని ఎక్కడ పోస్తారన్నది కూడా ముందే అడగాలి. పక్కనే ఒడ్డున పోస్తే మొదటి పెద్ద వానకే అది మళ్లీ లోపలికి వస్తుంది.

ఎక్కడో పైన డ్యామ్ కడితే కింద లగూన్‌కు ఏమవుతుంది?

లగూన్‌కు మంచినీళ్లు అవసరమన్న సంగతి చాలామందికి తట్టదు. "సముద్రంలోకి వృథాగా పోతున్న నీరు" అనే మాట మనం రోజూ వింటాం. ఆ నీరే ముఖద్వారాన్ని తెరిచి ఉంచుతుంది, ఉప్పును పలచన చేస్తుంది, గుడ్లు పెట్టే చేపలకు ఇది సమయమని తెలిసేలా చేస్తుంది.

ఆస్ట్రేలియాలో ముర్రే నది చివర ఐదు అడ్డుకట్టలు 1940 నాటికి పూర్తయ్యాయి. ఎగువన సాగుకు నీళ్లు తోడుతూ పోయారు. దానికి తోడు 2010 దాకా సాగిన సుదీర్ఘ కరువు వచ్చి పడింది. నది కిందికి చేరడమే ఆగిపోయింది. ముఖద్వారం మూసుకుపోకుండా 2002 నుంచి అడుగు ఇసుక తవ్వే డ్రెడ్జర్లు పెట్టాల్సి వచ్చింది. ఆ ముఖద్వారం పక్కనే ఉన్న కూరాంగ్ లగూన్ దక్షిణ భాగంలో ఉప్పు సముద్రం కంటే నాలుగు రెట్లకు పైగా పెరిగింది. అడుగున పెరిగే మొక్క దాదాపు మాయమైంది, దాన్ని తిని బతికే పక్షులకు తిండి పోయింది.

దీనికి మందు డ్యామ్‌లు పడగొట్టడమే కాదు. ఏ నెలలో ఎంత నీరు కిందికి వదలాలో లగూన్ అవసరాన్ని బట్టి లెక్క కట్టి, దాన్ని రిజర్వాయర్ నిర్వహణ నియమాల్లోనే రాయాలి. ఏడాది మొత్తానికి ఒకే సగటు రాస్తే ఉపయోగం లేదు. వరద రోజుల్లో రావాల్సిన తోపు, ఎండాకాలంలో రావాల్సిన సన్నని ప్రవాహం రెండూ వేర్వేరు పనులు చేస్తాయి.

మధ్యలోంచి ఒక రోడ్డు వేస్తే అంత నష్టమా?

కొలంబియాలోని సియెనాగా గ్రాందె దె శాంతా మార్తాను చూడండి. 1956లో మొదలైన తీర రహదారి అక్కడ సముద్రానికీ లగూన్‌కూ మధ్య నీటి దారులను మూసేసింది. నదుల వైపు నుంచి వచ్చే కాలువలూ కట్టల వల్ల మూసుకుపోయాయి. నేలలో ఉప్పు పేరుకుని మడ అడవుల్లో సగానికి పైగా నిలువునా ఎండిపోయాయి. 1990లలో కొన్ని కాలువలను తిరిగి తెరిచాక కొంత మేర మడ మళ్లీ మొలిచింది.

రోడ్డు తప్పనిసరైతే మట్టికట్ట బదులు స్తంభాల మీద వంతెన వేయాలి. కుదరకపోతే పాత నీటి దారులన్నీ ఎక్కడున్నాయో గుర్తించి ఆ చోట్లలోనే వెడల్పాటి తూములు పెట్టాలి. సమాన దూరంలో సన్నటి పైపులు పెట్టేసి "నీటికి దారి వదిలాం" అంటే చాలదు. అవి మొదటి సీజన్‌లోనే చెత్తతో మూసుకుపోతాయి.

రొయ్యల చెరువుల వల్ల నిజంగా అంత ప్రమాదం ఉందా?

చెరువు ఎక్కడుంది, దాని నీళ్లు ఎటు పోతున్నాయి అన్నదాన్ని బట్టి ఉంటుంది.

మేతలోని నత్రజనిలో కొంత భాగమే రొయ్య ఒంటికి పడుతుంది. మిగతాది మలంగా, తినకుండా మిగిలిన మేతగా నీళ్లలోనే ఉంటుంది. పంట పట్టే రోజున చెరువు ఖాళీ చేసినప్పుడు చివర్లో వచ్చే నీళ్లు అన్నిటికంటే మురికివి, అడుగు బురద మొత్తం దాంతో వస్తుంది. ఒక చెరువైతే లగూన్ తట్టుకుంటుంది. వందల చెరువులు ఒకే వారంలో ఖాళీ చేస్తే తట్టుకోలేదు. పైగా ఒకడు వదిలిన నీళ్లే పక్కవాడు మోటారు పెట్టి తోడుకుంటాడు. తెల్లమచ్చ వ్యాధి లాంటివి అలాగే చెరువు నుంచి చెరువుకు పాకుతాయి. అంటే ఈ నష్టం మొదట తగిలేది రైతుకే.

1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో చిలికా, పులికాట్ సరస్సులకు 1000 మీటర్ల లోపు రొయ్యల చెరువులు కట్టకూడదని ఉంది. తర్వాత 2005లో తీర ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. నియమాలు కాగితం మీద ఉన్నాయి. చిలికాలో వలలు, మట్టికట్టలతో సరస్సులోనే గళ్లు కట్టి రొయ్యలు పెంచే అక్రమ కట్టడాలను మాత్రం అధికారులు తొలగించడం, అవి మళ్లీ రావడం జరుగుతూనే ఉంది.

చేయగలిగినవి ఉన్నాయి. వదిలే నీటిని ముందు మురికి అడుగుకు దిగేలా ఒక సెటిలింగ్ చెరువులో నిలబెట్టడం, ఆ చెరువు ఒడ్డున మడ మొక్కలు పెంచడం, అడుగు బురదను విడిగా తీసి గట్టు మీద ఆరబెట్టడం, ఒక ప్రాంతంలోని రైతులంతా కలిసి నీళ్లు వదిలే క్యాలెండర్ పెట్టుకోవడం. వీటిలో చివరిదానికి ఖర్చు దాదాపు లేదు. కానీ కుదరడం అన్నిటికంటే కష్టం, ఎందుకంటే అందరూ ఒప్పుకోవాలి.

చేపలు తగ్గిపోవడానికి మత్స్యకారులే కారణం కదా?

ఈ నిందను ముందుగా వేసేది వాళ్ల మీదే. అది చాలావరకు అన్యాయం. సన్నకంటి వలలతో పిల్లలను సైతం ఊడ్చేయడం, ముఖద్వారానికి అడ్డంగా వల కట్టి లోపలికొచ్చే చేపను రానివ్వకపోవడం నిజంగా నష్టమే, ఆపాల్సిందే. అయితే రొయ్య పిల్లలు సముద్రం నుంచి లోపలికి రావాలంటే ముఖద్వారం తెరిచి ఉండాలి, వచ్చాక దాక్కోవడానికి గడ్డి ఉండాలి. ఆ రెండూ పోయిన చోట వేట ఎంత తగ్గించినా పట్టుబడి పెరగదు.

పులికాట్‌లోని కొన్ని మత్స్యకార గ్రామాల్లో పాడు అనే పద్ధతి తరతరాలుగా ఉంది. మంచి వేట స్థలాలను చీట్లు వేసి, వంతుల వారీగా పంచుకుంటారు. ఎవరు ఏ రోజు ఎక్కడ వల వేయాలో ముందే తెలుస్తుంది కాబట్టి పోటీపడి ఊడ్చేయడం తగ్గుతుంది. శ్రీలంక లగూన్లలోనూ ఇలాంటి వంతుల పద్ధతి ఉంది. దీనిలో లోటు లేకపోలేదు. ఆ కట్టుబాటులో చోటు లేని కులాల వాళ్లకు, చేత్తో రొయ్యలు ఏరుకునే ఆడవాళ్లకు మంచి స్థలాలు దక్కవు. అయినా నియమం ఊళ్లోనే పుట్టి, ఊళ్లోనే అమలవుతోంది కాబట్టి దాని మీద మొదలుపెట్టి, వదిలేసిన వాళ్లను చేర్చుకుంటూ సవరించడమే మంచిదని నా నమ్మకం. పైనుంచి ఒక్క జీవోతో కొత్త పద్ధతి తెస్తే పాతది చెడుతుంది, కొత్తది కుదరదు.

ఫ్యాక్టరీ మూతపడి చాలా ఏళ్లయింది. ఇంకా భయపడాలా?

బురదను కదిలించనంతవరకు ప్రమాదం తక్కువ. కదిలిస్తే చెప్పలేం. ఇటలీలోని మరానో-గ్రాదో లగూన్‌లోకి స్లొవేనియాలోని ఇద్రియా పాదరసం గనుల నుంచి నది ద్వారా, ఒక రసాయన కర్మాగారం నుంచి కాలువల ద్వారా పాదరసం చేరింది. గనులు మూతపడ్డాయి, పాదరసం మాత్రం బురదలోనే ఉంది. ఇలాంటి చోట డ్రెడ్జింగ్ అనుమతి ఇచ్చే ముందు అడుగు మట్టిని పొరలు పొరలుగా పరీక్షించడం తప్పనిసరి.

బయటి జాతులు వచ్చి చేరితే ఏమవుతుంది?

అట్లాంటిక్ అవతలి ఒడ్డు నుంచి వచ్చిన నీలిపీత 2023లో ఇటలీలోని పో నది డెల్టా లగూన్లలో ఆల్చిప్పల పెంపకాన్ని తుడిచిపెట్టేసింది. ఒకసారి స్థిరపడిన జాతిని పూర్తిగా ఏరేయడం దాదాపు అసాధ్యం. ఓడలు నిలకడ కోసం అడుగున నింపుకుని తెచ్చే బ్యాలస్ట్ నీటిని శుద్ధి చేయడం, పెంపకం కోసం కొత్త జాతులను తెచ్చేటప్పుడు క్వారంటైన్ పాటించడం ముందు జాగ్రత్తలు.

సముద్రమట్టం పెరుగుతోంది కదా, లగూన్లు ఇక మిగులుతాయా?

ఇసుక దిబ్బలకు, మడ అడవులకు కదిలే గుణం ఉంది. సముద్రం పెరిగేకొద్దీ అవి లోపలికి జరుగుతాయి. జరగడానికి చోటుండాలి. దిబ్బ మీద రిసార్ట్, వెనక గోడ, దాని వెనక రోడ్డు ఉంటే మధ్యలో ఇరుక్కుని మునిగిపోతాయి. ఒడ్డు వెనక ఖాళీ నేలను ఇప్పుడే కట్టడాలు లేకుండా ఉంచడం అందుకే అవసరం.

నేల కుంగడం కూడా చూసుకోవాలి. వెనిస్ దగ్గర పరిశ్రమల కోసం బోర్లతో నీళ్లు తోడినంతకాలం నేల కుంగింది. 1970లలో తోడటం తగ్గించాక ఆ వేగం బాగా తగ్గింది. అక్కడే మూడు ముఖద్వారాలకు 78 కదిలే గేట్లు పెట్టారు, 2020 అక్టోబరులో మొదటిసారి ఎత్తి నగరాన్ని ముంపు నుంచి కాపాడారు. నగరానికి మేలు జరిగింది. గేట్లు మూసిన ప్రతిసారీ లగూన్‌కు నీటి మార్పిడి ఆగుతుంది, ఉప్పునేలల మీదికి వచ్చి పేరుకోవాల్సిన మట్టి రాదు. సముద్రం పెరిగేకొద్దీ మూసే రోజులు పెరుగుతాయి.

చచ్చిపోయిన సముద్రగడ్డి మళ్లీ పెరుగుతుందా?

పెరుగుతుంది, నీళ్లు బాగుంటే. అమెరికాలోని వర్జీనియా తీర లగూన్లలో 1930లలో ఒక తెగులు, 1933లో ఒక తుపాను కలిసి గడ్డిని మొత్తం తుడిచేశాయి. దశాబ్దాల పాటు అడుగు బోసిగా ఉండిపోయింది. 1999 నుంచి పరిశోధకులు, వలంటీర్లు గింజలు సేకరించి చల్లడం మొదలుపెట్టారు. రెండు దశాబ్దాల్లో 7 కోట్లకు పైగా గింజలు, 200 హెక్టార్ల పైచిలుకు మడుల్లో చల్లితే, గడ్డి తనంతట తాను వ్యాపించి సుమారు 3,600 హెక్టార్లయింది. చేపలు, గవ్వలు తిరిగొచ్చాయి.

అక్కడ అది సాధ్యమవడానికి ముఖ్య కారణం, చుట్టూ పెద్ద పట్టణాలు లేక నీళ్లు శుభ్రంగా ఉండటం. ఫ్లోరిడాలోని ఇండియన్ రివర్ లగూన్‌లో పరిస్థితి వేరు. 2011 నుంచి వరసగా నాచు కమ్మేయడంతో సగానికి పైగా సముద్రగడ్డి పోయింది. తినడానికి గడ్డి లేక, మనాటీలు అనే పెద్ద నీటి జంతువులు ఆకలితో మాడిపోయాయి. 2021లో ఫ్లోరిడా మొత్తం మీద 1,100కు పైగా చనిపోయాయి. ఆ చలికాలం వాటికి లెట్యూస్ ఆకుకూర వేసి బతికించాల్సి వచ్చింది. అలాంటి చోట ముందు మురుగు ఆపాలి, నాట్లు తర్వాత.

మడ మొక్కల విషయంలోనూ ఒక జాగ్రత్త. ఫొటోల కోసం కనిపించిన ప్రతి బురద మైదానంలో మడ నాటేయడం మంచిది కాదు. ఆ మైదానాలు పక్షులు మేసే చోట్లు. గతంలో మడ ఉన్న చోటే, నీటి దారి సరిచేశాక నాటాలి. చాలాసార్లు నీటి దారి సరైతే నాటకుండానే మొలుస్తుంది.

ఇదంతా ఎవరు చూడాలి?

నీటిపారుదల శాఖ గేట్లు చూస్తుంది, మత్స్యశాఖ చేపలు చూస్తుంది, అటవీ శాఖ పక్షులు చూస్తుంది, మున్సిపాలిటీ మురుగు వదులుతుంది. లగూన్ మొత్తాన్ని చూసేవాళ్లు ఎవరూ ఉండరు. ఒడిశా 1991లో చిలికా డెవలప్‌మెంట్ అథారిటీని పెట్టడం వల్ల ఆ పనికి ఒక చిరునామా దొరికింది. ఫ్లోరిడాలోని బ్రెవర్డ్ కౌంటీ ఓటర్లు 2016లో అర సెంటు అమ్మకపు పన్నుకు ఒప్పుకుని ఆ డబ్బును లగూన్‌కే కేటాయించారు. సెప్టిక్ ట్యాంకులను మార్చడం, బురద తీయడం దాంతోనే జరుగుతున్నాయి. స్పెయిన్‌లో 6 లక్షలకు పైగా జనం సంతకాలు పెట్టాక, 2022లో మార్ మెనోర్‌కు చట్టపరంగా వ్యక్తి హోదా ఇచ్చారు. యూరప్‌లో ఒక జీవావరణ వ్యవస్థకు అలాంటి హోదా రావడం అదే మొదటిసారి. ఇప్పుడు దాని తరఫున ఎవరైనా కోర్టుకు వెళ్లొచ్చు.

ఏ నమూనా ఎంచుకున్నా రెండు షరతులు తప్పవని అనుకుంటాను. సంస్థ పరిధి ఒడ్డు దగ్గర ఆగిపోకుండా పరీవాహక ప్రాంతం దాకా ఉండాలి. నిర్ణయాలు తీసుకునే బల్ల దగ్గర మత్స్యకారులు, ఎగువ రైతులు ఇద్దరూ కూర్చోవాలి. రైతుకు ఎరువు తగ్గించమని చెప్పేవాళ్లు, దిగుబడి పడిపోకుండా ఎలా తగ్గించాలో కూడా చూపించాలి. మట్టి పరీక్ష చేసి మోతాదు చెప్పడం, వాన పడే ముందు ఎరువు వేయవద్దనడం, కాలువ గట్టు వెంట కొన్ని మీటర్లు గడ్డి వదలడం అక్కడి నుంచి మొదలవుతాయి.

పర్యాటకం వల్ల మేలా, కీడా?

పడవ ఫీజులో కొంత లగూన్‌కే తిరిగి ఖర్చయితే మేలు. లోతు తక్కువ నీళ్లలో మోటారు ప్రొపెల్లర్లు సముద్రగడ్డిని కోసుకుంటూ పోతే, డాల్ఫిన్లను పడవలు చుట్టుముడితే కీడు. పడవల సంఖ్య, వేగం, వెళ్లే దారి ఈ మూడూ రాసిపెట్టి అమలు చేయాలి.

ఖరీదైన పరికరాలు లేకుండా మేం ఏం కొలవొచ్చు?

తెలుపు, నలుపు రంగులు వేసిన 20 సెంటీమీటర్ల గుండ్రటి పలకను తాడుకు కట్టి నీళ్లలోకి దించండి. కనిపించకుండా పోయిన లోతు రాసుకోండి. దీన్ని సెక్కి డిస్క్ అంటారు. ఒకే చోట, ఒకే వేళ, వారానికోసారి చేస్తే ఏడాదికి నీళ్ల తేటదనం ఎటు పోతోందో తెలుస్తుంది. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ రొయ్యల రైతుల దగ్గర ఎలాగూ ఉంటుంది. వలలో ఏ చేప ఏ నెలలో పడుతోంది, ఎంత సైజులో పడుతోంది అన్నది ఊళ్లో ఇద్దరు ముగ్గురు నోటుబుక్‌లో రాస్తూ ఉంటే, అది ఏ సర్వే కంటే తక్కువ కాదు. రాయడం మధ్యలో ఆగకపోవడమే ముఖ్యం.

ఉన్నట్టుండి చేపలు చచ్చి తేలితే ముందు ఏం చేయాలి?

ఫోన్‌లో టైమ్ కనిపించేలా ఫొటోలు తీయండి. ఏయే జాతులు చచ్చాయో చూడండి. పెద్దవీ చిన్నవీ, అన్ని జాతులూ కలిసి తెల్లవారేసరికి తేలితే ఎక్కువగా ఆక్సిజన్ అయిపోవడమే కారణం. చనిపోయే ముందు అవి నీటిపైకి వచ్చి నోరు తెరుస్తూ కనిపిస్తాయి. ఒకే జాతి రోజుల తరబడి చస్తుంటే వ్యాధిని అనుమానించాలి. ఒక కాలువ కలిసే చోట మాత్రమే, పగలూ రాత్రీ తేడా లేకుండా చస్తుంటే ఆ కాలువలో ఏదో విషం వచ్చిందేమో చూడాలి. ముందు రెండు మూడు రోజుల్లో వాన పడిందా, గాలి ఆగిపోయిందా, ఎవరైనా చెరువులు ఖాళీ చేశారా అన్నది రాసుకోండి.

ఆ చేపలు తినొద్దు, అమ్మొద్దు. కుళ్లితే ఉన్న కాస్త ఆక్సిజన్ కూడా పోతుంది కాబట్టి వీలైనంత త్వరగా తీయించాలి. అయితే తీయించే ముందే, అప్పుడే చచ్చినవి కొన్ని ఐస్‌లో పెట్టి, నీళ్లు శుభ్రమైన సీసాల్లో నింపి, వాటి మీద చోటు, తేదీ, టైమ్ రాయాలి. మత్స్యశాఖకూ, కాలుష్య నియంత్రణ మండలికీ ఒకేసారి రాతపూర్వకంగా తెలియజేయాలి. ఆక్సిజన్ కొలత మాత్రం సూర్యోదయానికి ముందే, అడుగుకు దగ్గరగా తీయించండి. మధ్యాహ్నం పూట పైనుంచి తీసిన నీళ్లలో అది మామూలుగానే ఉంటుంది. ఆ ఒక్క అంకెతోనే "నీళ్లు బాగున్నాయి" అని రిపోర్టు రాసేయొచ్చు.